శనివారం నాలుగింటిలోపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది శనివారమే. మిగతా రోజుల్ని అమ్మ లేపేది. శనివారం మాత్రం తనే వచ్చి అమ్మని లేపి, చేతిలో చీపురు పెట్టి వెళ్ళేదేమో అనిపించేది నాకు.

మేం మోర్మన్లం, క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆదివారం మాకు ఆరాధన రోజు. ఆ రోజు కొనడాలు, ఉతకడాలు, ఇల్లు కడగడాలు ఏవీ ఉండవు. అందుకని ఆదివారం చేయకూడని పనులన్నీ శనివారం నెత్తిన పడేవి. నలుగురు పిల్లల తలస్నానాలు, ఇస్త్రీ, కూరగాయలు, మర్నాడు ఆరాధనలో తమ్ముడు గోల చేయకుండా సంచిలో సర్దే మరమరాలు, అన్నీ ఆ ఒక్క రోజే. అమ్మ ఒక్కత్తే చేసేది. పాడుకుంటూ చేసేది.

అప్పట్లో మేం జర్మనీలో, కార్ల్స్‌రూహె అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న పని వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రాజమండ్రి నుంచి వచ్చాడు. వెనకాలే అమ్మా నేనూ. ఇద్దరు చెల్లెళ్ళూ తమ్ముడూ అక్కడే పుట్టారు. సాయానికి అమ్మమ్మ లేదు, నాయనమ్మ లేదు. అమ్మ పొద్దున్నే ఉప్మా కలుపుతూ, పుస్తకం కుక్కరుకి ఆనించి, మాకు లేఖనాలు చదివి వినిపించేది. సైకిలు వెనక చిన్న బండి కట్టి చెల్లెళ్ళని కీటాలో, అంటే అక్కడి పసిపిల్లల బడిలో, దింపొచ్చేది. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర నా చేత తెలుగు రాయించేది. నాకు ఈ అక్షరాలు ఏ బడీ నేర్పలేదు. దోసెల పిండి మరకలున్న ఆ నోటుపుస్తకమే నా బడి. అమ్మకి నేను పడ్డ రుణాల్లో ఇదొకటి, తీరేది కాదు.

మేం టీ, కాఫీ ముట్టం. అది మా నియమం. ఆదివారం సాయంత్రం యూనివర్సిటీలో చదువుకునే తెలుగు పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళు. వాళ్ళకి మా మతంతో పని లేదు, పప్పూ ఆవకాయతోనే పని. "అక్కా, నీ ఇంట్ల అన్నీ దొర్కుతయ్, ఒక్క చాయ్ తప్ప" అని అమ్మని ఏడిపించేవాళ్ళు. అమ్మ నవ్వి, వాళ్ళ చేతిలో రాగిజావ గ్లాసు పెట్టేది. ఏడుస్తూనే తాగేవాళ్ళు.

వాళ్ళలో ఒకామె కరీంనగర్ అక్క. నేను చెబుతున్న శనివారానికి మూడు వారాల ముందే మా మీది అంతస్తులో, చూరు కింద గదిలో దిగింది. ఆ గది దొరకడానికి ఆమె పడ్డ పాట్లు అందరికీ తెలుసు. మా బిల్డింగు ఓనరమ్మ కింది అంతస్తులోనే ఉండేది. గట్టి మనిషి. మాటకి ముందు కళ్ళద్దాలు సర్దుకునే అలవాటు. గదైతే ఇచ్చింది గానీ, ఈ అమ్మాయి ఇక్కడ ఉంటోందని రాసిచ్చే కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఒక నెల చూస్తానంది. ఆ కాగితం లేకపోతే ఊరి ఆఫీసులో పేరు నమోదు, వాళ్ళ మాటలో ఆన్మెల్డుంగ్, లేదు. అంటే ఆ ఊళ్ళో ఆ మనిషి ఉన్నట్టే లెక్క కాదు. వచ్చినప్పటి నుంచీ రోజూ వెతగ్గా, ఆ ఆఫీసుకి రమ్మని అక్కకి సోమవారం పొద్దున టెర్మిన్ దొరికింది. "సంతకం పెడ్తదంటవా అక్కా?" అని ఆ వారమంతా అమ్మని అడుగుతూనే ఉంది.

నాకు మాత్రం ఆ వారం వేరే హడావిడి. ఆ శనివారానికి నాకు ఎనిమిదేళ్ళు నిండుతాయి. మా నమ్మకంలో పిల్లలకి ఎనిమిది నిండాకే బాప్తిస్మం. అదే రోజు, సాయంత్రం నాలుగింటికి, నా బాప్తిస్మం. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు చేసిన తప్పుల్ని దేవుడు లెక్కలోకి తీసుకోడని ఆదివారం తరగతిలో టీచరు ఎంతో ప్రేమగా చెప్పింది. మిగతా పిల్లలు ఏం అర్థం చేసుకున్నారో తెలీదు. నేను మాత్రం కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను. అంటే శనివారం నాలుగింటిలోపు ఏం చేసినా చెల్లిపోతుంది! చేయదలుచుకున్నవన్నీ ఈ వారంలోనే చేసేసుకోవాలి. తర్వాత జన్మంతా మంచిగా ఉండాల్సిందేగా.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మొదలుపెట్టాను. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని పాడుకునే సమయంలో, ప్రార్థనంతా ఒక కన్ను తెరిచే ఉంచాను. మంగళవారం తమ్ముడి బిస్కెట్ తినేసి వాడి మూతికి పొడి పూశాను. బుధవారం స్నానం చేయకుండా తువ్వాలు మాత్రం తడిపి ఆరేశాను. గురువారం ధైర్యం పెరిగి, మీదికి వెళ్ళి అక్కని చాయ్ అడిగాను.

"మీ అమ్మ ఏమన్నదా?"

"శనివారం దాకా ఏమీ అనదు."

అక్క పకపకా నవ్వి, చిన్న గ్లాసులో రెండు గుక్కలు పోసింది. ఇంతోటిదానికా మా ఇంటికొచ్చే వాళ్ళంతా అంత ఏడుస్తారు అనుకున్నాను. అయినా నా లెక్కలో ఒక వేలు మడిచాను.

శుక్రవారం చేసిన పనే అసలు కథ.

మా బిల్డింగులో మెట్లు ఊడ్చి తుడవడానికి వారానికొక ఇంటి వంతు. దానికొక చిన్న చెక్క బోర్డు ఉండేది. చుట్టూ పువ్వుల అంచు, మధ్యలో పాతకాలపు మెలికల అక్షరాలతో కేర్‌వోఖె అని రాసి ఉండేది, ఊడ్చే వారం అని. అది ఎవరి తలుపుకి వేలాడుతుంటే ఆ వారం వంతు వాళ్ళది. శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు మెట్లు శుభ్రం చేసి, బోర్డు తీసి పక్క వాళ్ళ తలుపుకి తగిలించాలి. ఓనరమ్మకి ఆ బోర్డే చట్టం. ఆ వారం వంతు మాది. మా తర్వాత మీది అంతస్తు అక్కది. "పైవారం ఆ అమ్మాయికి ఎలా చేయాలో నేను చూపిస్తాలే" అని అమ్మ అనుకుంటూనే ఉంది.

మా వంతు వచ్చినప్పుడల్లా అమ్మకి బకెట్టు అందించేది నేనే. పుట్టినరోజు నాడు, బాప్తిస్మం నాడు, తెల్లగౌను నాడు బకెట్టు మొయ్యాలా? శుక్రవారం బడి నుంచి వస్తూనే బోర్డు తీసి, చప్పుడు కాకుండా మీదికెళ్ళి అక్క తలుపుకి తగిలించేశాను. మరో వేలు మడిచాను. ఆ సాయంత్రం వాన పడింది. అమ్మ సైకిలు బండిని మొదటి అంతస్తు దాకా ఎత్తుకొచ్చింది. దాని చక్రాల బురద అక్కడిదాకా మెట్లన్నిటికీ అంటింది.

శనివారం రానే వచ్చింది. నాన్న పదకొండింటికే ప్రార్థనా మందిరానికి వెళ్ళిపోయాడు. మనిషి పూర్తిగా మునిగే బాప్తిస్మం మాది. తొట్టి నిండాలంటే మూడు గంటలు పడుతుంది, పొర్లిపోకుండా ఒకరు కాపలా ఉండాలి. ఇంట్లో అమ్మ ఒక చేత్తో పులిహోర కలుపుతోంది, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుంది, నోట్లో గుండుసూదులు ఉన్నాయి. నా తెల్లగౌను అంచు ఇంకా సగమే కుట్టింది. నేను పది నిమిషాలకోసారి గడియారం చూస్తూ గంతులేస్తున్నాను. పదకొండున్నర దాటాక అమ్మ బకెట్టు నింపి, "పద, పది నిమిషాల్లో మెట్లు తుడిచేద్దాం" అని తలుపు తీసింది. తలుపుకి బోర్డు లేదు.

అదే సమయానికి మీది అంతస్తు నుంచి ఓనరమ్మ గొంతు వినిపించింది. అమ్మ వెనకే నేనూ ఎక్కాను. అక్క తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఓనరమ్మ ఒక చేతిలో ఆ కాగితం, ఒక చేతిలో పెన్ను. సంతకం పెట్టి ఇద్దామనే మెట్లెక్కిందట పాపం. ఎక్కుతూ ఎక్కుతూ బురద చూసింది, పైకొచ్చి బోర్డు చూసింది. వంతు తలుపుకి వేలాడుతుంటే ఇంతసేపూ పడుకున్నావా అంటోంది. ఇల్లు ఎలా ఉంచుకోవాలో తెలియని వాళ్ళకి నేను సంతకం పెట్టను అంది. పెన్ను జేబులో పెట్టుకుని, కాగితం మడిచి, మా పక్కనుంచే దిగి వెళ్ళిపోయింది. అక్కకి అందులో సగం మాటలు అర్థం కాలేదు. పెన్ను జేబులోకి వెళ్ళడం మాత్రం అర్థమైంది.

అమ్మ ఆ బోర్డు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అక్కని మా వంటింట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"గది పోతె యాడికి వోవాలె అక్కా? సోమవారం టెర్మిన్ పాయె. మళ్ళ ఎప్పుడు దొర్కుతదో" అని అక్క కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి ఏడుపులోనే నవ్వింది. "నిన్న ఆ బోర్డు జూసి, పువ్వులున్నయ్ గదా, నాకు వెల్కమ్ చెప్తుండ్రు అనుకున్న. ఫోటో దీసి మా అమ్మకు పంపిన. చూడు, ఎంత మంచోళ్ళో అని."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. దాని వెనక నా తెల్లగౌను వేలాడుతోంది. నా గంతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మడిచిన వేళ్ళన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నాలుగింటికి నీళ్ళలో మునిగితే నా తప్పు పోతుంది. అక్క గది తిరిగొస్తుందా?

"పద తల్లీ" అంది అమ్మ, తమ్ముణ్ణి చంకన వేసుకుంటూ. "ఓనరమ్మతో మాట్లాడొద్దాం. నా జర్మన్ సంగతి నీకు తెలుసుగా. నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు ఆవిడకి చెప్పు."

డాక్టరు దగ్గరా, కీటాలో మీటింగుల్లోనూ అమ్మ మాటల్ని జర్మన్‌లో చెప్పడం నాకు అలవాటే. దానికి లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ రోజు మాత్రం ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాను.

ఓనరమ్మ తలుపు తీసి కళ్ళద్దాలు సర్దుకుంది. అమ్మ తెలుగులో నెమ్మదిగా మొదలుపెట్టింది. ఈ అమ్మాయి కొత్తగా వచ్చింది. చెప్పాను. ఆమెకి మన వంతుల పద్ధతి తెలీదు, నేర్పాల్సింది నేను, నేర్పలేదు. చెప్పాను. ఈ వారం వంతు అసలు మాది. చెప్పాను. మరి ఆ బోర్డు ఆమె తలుపుకి ఎలా వెళ్ళిందో ఇప్పుడు మీకు చెబుతాం. అదీ చెప్పేశాను. ఆ తర్వాత అమ్మ మాట్లాడడం మానేసి తమ్ముడి చొక్కా గుండీ పెట్టసాగింది.

ఓనరమ్మ ఎదురుచూస్తోంది. అమ్మ గుండీ పెడుతూనే ఉంది. ఒక్క గుండీకి అంతసేపు పట్టడం నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. నేనే పెట్టానన్నాను. ఎందుకని ఆవిడ అడిగింది. సాయంత్రం నాలుగింటిదాకా నా తప్పులు లెక్కలోకి రావు కాబట్టి అన్నాను. దేవుడు, ఎనిమిదేళ్ళు, తొట్టి, తెల్లగౌను, చాయ్ తప్ప మొత్తం చెప్పేశాను. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది, మళ్ళీ సర్దుకుంది.

"మీ దేవుడి గడియారం సంగతి నాకు తెలీదు. నా మెట్ల గడియారం పన్నెండు. ఇప్పుడు పన్నెండూ పది. ఒంటిగంటన్నరకి వచ్చి చూస్తాను" అని తలుపు వేసుకుంది.

పైకొచ్చి అక్కకి కూడా నేనే చెప్పాను. అది ఇంకా కష్టం. అక్క చప్పున లేచి నిలబడింది.

"గింత లేవు, గంత పని జేస్తివా! చాయ్ గూడ వోసిన గదనే నీకు!"

అమ్మ కనుబొమలు రెండూ పైకి లేచాయి. ఆ రోజు వాటిని అంత పైన చూడడం అదే. కానీ దాని గురించి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. మూడంతస్తుల మెట్లు, గంటా ఇరవై నిమిషాలు.

అమ్మ పైనుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. నేను వెనకాలే తడిగుడ్డతో తుడిచాను. పెద్దచెల్లి ఊచలు తుడిచింది. చిన్నచెల్లి తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మా ఆదివారం పాటలన్నీ గట్టిగా పాడింది. అక్కని కూర్చోమంటే కూర్చోలేదు. "నేను గూడ నేర్సుకోవాలె గదా, మల్ల వారం నాదే వంతాయె" అని పైట బిగించినట్టు స్వెట్టర్ చేతులు మడిచి దిగింది. బురద ఎండి గట్టిపడింది. రెండో అంతస్తు మలుపులో గుడ్డ పిండుతూ అమ్మని మెల్లగా అడిగాను.

"అమ్మా, ఇది లెక్కలోకి వస్తుందా?"

"దేవుడు లెక్క వేయడే. ఆ మాట నిజమే" అంది అమ్మ, నా చేతిలో గుడ్డ తీసుకుని ఇంకాస్త గట్టిగా పిండుతూ. "కానీ అక్కకి సోమవారం టెర్మిన్ కదా."

అంతే. గుడ్డ మళ్ళీ నా చేతికిచ్చింది.

ఒంటిగంటన్నరకి ఓనరమ్మ వచ్చింది. ఊచల మీద వేలు రాసి చూసుకుంది. మలుపుల దగ్గర వంగి మూలలు చూసింది. మేమంతా వరసగా గోడకి అతుక్కుని నిలబడ్డాం. పైదాకా ఎక్కి, జేబులోంచి పెన్ను తీసి, కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టేసింది. దిగుతూ నా దగ్గర ఆగి, పుట్టినరోజు శుభాకాంక్షలు అంది. అక్క ఒక్క కేక పెట్టి అమ్మని చుట్టేసింది. బకెట్టు బోర్లాపడి కింది మూడు మెట్లు మళ్ళీ తుడవాల్సొచ్చింది. ఆ తర్వాత బోర్డు తనే తీసి, తన తలుపుకి తనే తిన్నగా తగిలించుకుని, ఫోటో తీసింది. "ఇగ ఇప్పుడు నిజంగ వెల్కమ్" అంది.

ఆ తర్వాతంతా పరుగే. గౌను అంచు సగం కుట్టు, సగం గుండుసూదులు. ఎక్కాల్సిన ట్రామ్ మా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. నాన్న ఫోన్ మీద ఫోన్. "ఎక్కడున్నారు? నీళ్ళు చల్లారిపోతున్నాయి!" అమ్మ బిడ్డబండి తోస్తోంది, చెల్లెళ్ళు దాని చెరో పక్కా పట్టుకుని పరుగెడుతున్నారు, అక్క పులిహోర గిన్నె నెత్తి మీద పెట్టుకుని, "జరగుండ్రి, జరగుండ్రి" అని తెలుగులోనే జర్మన్లని అదిలిస్తూ ముందు నడిచింది. నేను నవ్వుతూ పరుగెత్తాను. వారం రోజులుగా వేళ్ళు మడిచి దాచుకున్న సంబరం కంటే ఇది వెయ్యి రెట్లు పెద్దగా ఉంది. అది ఎందుకో అప్పుడు తెలియలేదు.

నాలుగూ ముప్పావుకి నేను తెల్లబట్టల్లో తొట్టిలోకి దిగాను. నా వేళ్ళు నీళ్ళు తగలకముందే ముడతలు పడి ఉన్నాయి, బకెట్టు పుణ్యమా అని. నాన్న నా చేతులు పట్టుకుని, చెప్పాల్సిన మాటలు చెప్పి, వెనక్కి వంచి ముంచాడు. పైకి లేచేసరికి సాక్షులుగా నిలబడ్డ ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. నా కాలి బొటనవేలు తేలిందట. మనిషి మొత్తం మునగాలి, వేలు కూడా మిగలకూడదు. మళ్ళీ ముంచాలి. ముందు వరసలోంచి అక్క గుసగుస, అందరికీ వినబడేంత గుసగుస:

"గట్టిగ ముంచుండ్రి బావా! ఆమె జేసిన పనికి రెండుసార్లు కావాలె."

నాన్నకి నవ్వాగలేదు. నీళ్ళు కూడా నవ్వినట్టే కదిలాయి. రెండోసారి నేను బొటనవేలితో సహా మునిగాను.

ఇంటికొచ్చాక అమ్మ నా తడి జుట్టు చిక్కు తీస్తుంటే అడిగాను, నీకు ముందే తెలుసా అని. "నిన్న పొద్దున ఆ బోర్డు మన తలుపుకే ఉంది, దానంతటదే మెట్లెక్కదుగా" అంది. మరి నన్ను అడగలేదేం అన్నాను.

"అడిగితే నాకు చెప్పేదానివి. నాకు చెబితే నేనేం చేసుకోను?"

పక్కనే బూట్లు విప్పుకుంటున్న నాన్న నవ్వాడు. "అసలు మీ అమ్మకి జర్మన్ రాదని నీకెవరు చెప్పారే? ఓనరమ్మతో స్ట్రాబెర్రీ జామ్ ఎలా కాయాలో అరగంట మాట్లాడుతుంది." నేను వెనక్కి తిరిగి అమ్మ మొహం చూడబోయాను. అమ్మ జుట్టు పట్టుకుని నా తల ముందుకి తిప్పేసింది.

ఇప్పుడు నేనూ ఒక అమ్మని. అక్క ఆ గదిలో రెండేళ్ళుండి, చదువు ముగించుకుని, మా వంతు శనివారాల్లో అమ్మకి మెట్ల దగ్గర తోడై, ఆదివారాలు రాగిజావ తాగుతూనే వెళ్ళింది. అలాంటి అమ్మ కడుపున పుట్టించినందుకు పరలోకపు తండ్రికి నేను రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి మోకాళ్ళూనగానే ఒక్కోసారి ఎవరి మొహమో గుర్తొస్తుంది. పొద్దున నేను విసురుగా మాట్లాడిన ఆడపడుచుదో, పక్కింటావిడదో. అప్పుడు ప్రార్థన సగంలో ఆపి, లేచి, చెప్పులేసుకుని, వాళ్ళ తలుపు దాకా వెళ్ళొస్తాను. ఆయన ఆగుతాడు. నాలుగింటికి మొదలవాల్సింది నాలుగూ ముప్పావుకి మొదలైతే ఆయనేమీ అనుకోలేదని నాకు ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు.